రంగులు సరే, అట్ట వెనక ఏం రాశారు?

పంక్, హార్డ్‌కోర్, నాయిస్ రాక్ రికార్డులు తెస్తున్న స్వతంత్ర లేబుళ్ల (చిన్న రికార్డు కంపెనీల) నిర్వాహకులకు,

నమస్కారం.

ముందే చెప్పేస్తున్నాను, ఈ ఉత్తరం తెలుగులోనే ఉంటుంది. మీలో చాలామందికి చదవడం రాదని తెలుసు. మీ పాటల్లో ముక్క అర్థం కాకపోయినా నేను ఏళ్ల తరబడి విన్నాను కాబట్టి, ఈ ఒక్కసారికి మీరూ కాస్త తంటాలు పడండి.

పోయిన వారం ఒక పార్సిల్ వచ్చింది. ఏడు నెలల కిందట ప్రీ-ఆర్డర్ పెట్టిన ఎల్పీ. లేబుల్ పేరు చెప్పను. చెబితే తప్పంతా వాళ్లొక్కరిదే అనిపిస్తుంది, మీలో సగంమంది హాయిగా పక్కకు తప్పుకుంటారు. పైన ప్లాస్టిక్ కవర్ మీద గుండ్రటి స్టిక్కర్. ఎండిన నెత్తురు రంగు రికార్డు, దాని మీద తెల్లటి చిలకరింపు, 300 కాపీలు మాత్రమే అని ఉంది. అట్ట ముందువైపు జిరాక్స్ తీసిన జిరాక్స్‌లాంటి నలుపు తెలుపు బొమ్మ. వెనక పది పాటల పేర్లు, లేబుల్ గుర్తు, బార్‌కోడ్. లోపలి కవర్ ఉత్త తెల్ల కాగితం. పాడిందెవరో, డ్రమ్స్ కొట్టిందెవరో, ఎక్కడ రికార్డ్ చేశారో, ఎవరు చేశారో ఒక్క ముక్క లేదు.

రికార్డుని టేబుల్ లైటు కింద వాల్చి చూశాను. పాటలన్నీ అయిపోయాక, నడుమ కాగితం మొదలయ్యే లోపు, నున్నటి పట్టీ ఒకటి మిగులుతుంది కదా. అక్కడ రికార్డు అచ్చేసిన ప్లాంటు నంబరు పక్కన మేకుతో గీకినట్టు రెండు మాటలున్నాయి. ఒకటి సగం చదవగలిగాను, రెండోది అసలు తేలలేదు. ఆ పార్సిల్ మొత్తంలో ఒక మనిషి నాతో మాట్లాడింది అక్కడొక్కచోటే.

పాటలు మాత్రం భలే ఉన్నాయి. రెండో వైపు మూడో పాట మొదట్లో డ్రమ్మర్ కర్రలు కొడుతూ నాలుగు లెక్కపెడతాడు. నాలుగు పూర్తవకుండానే గిటార్ దూకేస్తుంది. ఎవరో గొంతులో నవ్వు అణుచుకున్నట్టు చిన్న చప్పుడు. దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశారు. అది ఎన్నో టేకు? అందరూ ఒకే గదిలో నిలబడి వాయించారా? తెలుసుకోవాలని అట్ట తిప్పాను. బార్‌కోడ్ కనిపించింది.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన కథే మీకు చెబుతాను, ఏమనుకోకండి. 1976 డిసెంబర్ 28న బజ్‌కాక్స్ అనే పంక్ బ్యాండ్ వాళ్లు నాలుగు పాటలు రికార్డ్ చేశారు. అయినవాళ్ల దగ్గర 500 పౌండ్లు అప్పు తెచ్చి, న్యూ హార్మోన్స్ అని సొంత లేబుల్ పేరొకటి పెట్టుకుని, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ని వెయ్యి కాపీలు వేశారు. మాంచెస్టర్ కుర్రాళ్లు లండన్ కంపెనీల గడప తొక్కకుండా రికార్డు తేవచ్చని చూపించారంటూ అందరూ దాని గురించి చెబుతారు. నాకు మాత్రం దాని అట్ట వెనకవైపు ఇష్టం. ప్రతి పాట పక్కన అది ఎన్నో టేకో రాశారు. ఇది మొదటి టేకు, ఇది మూడోది, దీనికి తర్వాత ఇంకో గిటార్ కలిపాం, దీనికి ఏమీ కలపలేదు అని. దుకాణంలో నిలబడి అది చదివిన కుర్రాడికి రికార్డు అనేది ఎంత పనో, ఎంత కొద్దిపాటి పనో ఒక్క నిమిషంలో తెలిసిపోయి ఉంటుంది.

అదే ఏడాది డెస్పరేట్ బైసికిల్స్ అనే బ్యాండ్ మొదటి సింగిల్‌కి (ఒకటి రెండు పాటల చిన్న రికార్డుకి) అయిన ఖర్చు 153 పౌండ్లు. ఆ అంకెని దాచుకోలేదు, తర్వాతి రికార్డు అట్ట మీద అచ్చేశారు. 1978లో స్క్రిట్టి పొలిట్టి అనే ఇంకో బ్యాండ్ వాళ్లు తమ మొదటి సింగిల్ కవర్ మీద ఏకంగా చిట్టాపద్దే రాసేశారు: స్టూడియోకి ఇంత, మాస్టరింగ్‌కి (అచ్చుకి ముందు పాటకి చేసే ఆఖరి మెరుగుకి) ఇంత, రికార్డు అచ్చేసే ప్రెస్సింగ్‌కి ఇంత. పాట కోసం కొన్నవాడికి రికార్డు తయారుచేసే పద్ధతి కొసరుగా దొరికింది.

క్రాస్ అనే బ్యాండ్ వాళ్ల సంగతి వేరు, వాళ్లు అట్టని గోడపత్రికలాగే వాడుకున్నారు. 1978లో రికార్డ్ చేసిన వాళ్ల మొదటి రికార్డుకి ‘ద ఫీడింగ్ ఆఫ్ ద ఫైవ్ థౌజండ్’ అని పేరు. బైబిల్ కథ సంగతి సరే, ప్లాంటువాళ్లు 5000 కాపీలకి తక్కువైతే వేయమన్నారట, ఆ లెక్కా అందులో ఉంది. ఐర్లండ్‌లోని ప్లాంటు కార్మికులు ఒక పాటని వేయబోమని మొండికేస్తే, ఆ చోట నిశ్శబ్దాన్ని ఉంచి, దానికి భావప్రకటనా స్వేచ్ఛ చేసే చప్పుడు ఇదీ అని పేరు పెట్టారు. తర్వాత సొంత లేబుల్ పెట్టుకున్నాక కవర్ మీద ‘ఇంతకు మించి ఇవ్వకండి’ అని ధర అచ్చేసేవారు. మధ్యలో ఎవడూ ధర పెంచకుండా కాపలా అన్నమాట.

డిస్కార్డ్ లేబుల్ గురించి చెప్పకపోతే మీకు కోపం వస్తుంది. వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండ్, షోలలో వచ్చిన డబ్బు ఖర్చు పెట్టకుండా ఒక పెట్టెలో దాచింది. బ్యాండ్ విడిపోయేనాటికి అందులో దాదాపు 600 డాలర్లున్నాయి. పంచుకుంటే తలా కొంత వచ్చేది. రికార్డు వేద్దామనుకున్నారు, అలా 1980లో డిస్కార్డ్ పుట్టింది. ఏడంగుళాల కవర్ ఎలా చేయాలో తెలియక, ఉన్న కవర్ ఒకదాన్ని విప్పి పరిచి, దాని అంచుల వెంట గీత గీసి, అలాంటివి కత్తెరతో కోసి, మడిచి, జిగురు పెట్టి అంటించారు. వెయ్యి కవర్లు! ఇంట్లో పెళ్లి పత్రికలకి పసుపు బొట్లు పెట్టినవాళ్లకి తెలుస్తుంది వెయ్యి అంటే ఎంతో. తర్వాత అదే లేబుల్ తెచ్చిన ఫుగాజీ బ్యాండ్ రికార్డుల వెనక పోస్టు ఖర్చుతో కలిపి ధర ఎంతో అచ్చేసి ఉండేది. ఎవరికి రాయాలో, ఎంత పంపాలో అక్కడే ఉండేది.

వీళ్లంతా మంచివాళ్లు, మీరు కాదు అనడం లేదు. వాళ్లకి అట్ట తప్ప వేరే దారి లేదు, మీకు వెబ్‌సైట్ ఉంది, అన్నీ అక్కడ పెట్టామంటారు. మీరే పెట్టిన పేజీలు తెరిచి చూడండి. నా దగ్గరున్న కొత్త రికార్డుల్లో నాలుగింటి పేజీలు వరుసగా చూశాను. ఏ రంగు ఎన్ని కాపీలో నాలుగింటిలోనూ ఉంది. డ్రమ్మర్ పేరు ఒక్కదాంట్లో ఉంది. మిగతా చోటంతా పొగడ్తే. ప్రతి బ్యాండూ ‘కనికరం లేనిది’, ప్రతి రికార్డూ ‘ఊపిరాడనివ్వనిది’. ఒకే మనిషి రాస్తున్నాడో, అందరూ ఒకరి నోట్‌ని ఒకరు చూసి రాస్తున్నారో. ఆ జాగాలో బేస్ గిటార్ ఎందుకలా తుప్పుపట్టిన గేటులా మోగుతోందో రాయండి, కొనేస్తాను.

ఇక మోత విషయం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీరు అమ్మేదే మోత.

మీ కొత్త రిలీజుల్లో కొన్ని డిజిటల్‌లో వింటుంటే మూడో పాటకే తలనొప్పి వస్తోంది. ముసలితనం అనకండి, నేను ఇంకా పెద్ద సౌండ్‌తోనే వింటాను. డ్రమ్ దెబ్బ సహజంగా మిగతా అన్నిటికంటే ఎత్తుగా లేచి పడుతుంది. మాస్టరింగ్‌లో లిమిటర్ పెట్టి ఆ ఎత్తుని నరికేసి, కింద ఉన్నదంతా పైకి నెడితే పాట మొత్తం ఒకే మట్టానికి వస్తుంది. కంప్యూటర్లో చూస్తే రంపం పళ్లలా ఉండాల్సిన గీత సిమెంటు దిమ్మలా కనిపిస్తుంది. వినగానే పెద్దగా ఉంటుంది, నిజమే. కానీ స్నేర్ డ్రమ్ దెబ్బ తగలాల్సిన చోట తగలదు. అంతా అరుపే అయితే అరుపు ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది?

2008లో మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు ఈ గొడవ వీధికెక్కింది. గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో ఉన్న అవే పాటలు సీడీలో కంటే విడివిడిగా, ఊపిరితో వినిపించాయి. గేమ్‌కి వెళ్లిన పాటల్ని అంతగా నొక్కలేదు. మళ్లీ మిక్స్ చేయమని అభిమానులు వేలమంది సంతకాలు పెట్టారు. ఎవరి పాట ఎక్కువ పెద్దగా మోగుతుందన్న పోటీ అయినా ఉందా అంటే ఇప్పుడు అదీ లేదు. స్పాటిఫైలాంటి యాప్‌లు అన్ని పాటల్నీ దాదాపు ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తాయి. స్పాటిఫై మామూలుగా పెట్టుకున్న కొలత మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలమానం). మీరు అంతకంటే ఎంత పైకి తోసినా అది కిందికి దించేస్తుంది. పెంచిన సౌండ్ పోతుంది, నలిగిన డ్రమ్ మాత్రం మిగులుతుంది. సౌండ్ పెంచే బటన్ నా దగ్గర ఉంది. ఆ పని నాకు వదిలేయండి.

వినైల్ మీదైతే, అంటే గాడుల రికార్డు మీదైతే, ఈ జిత్తులు అసలు సాగవు. శబ్దం పెద్దదయ్యేకొద్దీ గాడి పక్కలకి ఎక్కువ ఊగుతుంది, ఎక్కువ చోటు తింటుంది. ఒక వైపు ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు కుక్కితే గాడులు కోసే కట్టింగ్ ఇంజనీర్ సౌండ్ తగ్గించక తప్పదు. ఇక్కడ పంక్‌కి ఉన్న అదృష్టం ఇంకెవరికీ లేదు, పాటలు పొట్టివి! పది పాటలూ కలిపి ఇరవై నిమిషాలైతే, పన్నెండంగుళాల రికార్డు మీద నిమిషానికి 45 చుట్ల వేగంతో, వెడల్పాటి గాడులతో ధారాళంగా కట్ చేయించవచ్చు. నా దగ్గర అలాంటిది ఒకటుంది. ముల్లు ఆనగానే బేస్ కిటికీ అద్దాల్ని పలకరిస్తుంది. ఇంకో సంగతి, ముల్లు నడుమకి వెళ్లేకొద్దీ ఒక చుట్టులో దాని కింద నడిచే పొడవు తగ్గుతుంది. పై స్థాయి శబ్దాలు, ముఖ్యంగా సింబల్స్ (డ్రమ్స్ సెట్లోని లోహపు పళ్లాలు), ‘స’కారాలు అక్కడ గరగరలాడతాయి. సింబల్స్ హోరెత్తే పాటని వైపు చివర పెట్టి, తర్వాత ప్లాంటుని తిట్టే బ్యాండ్లు ఎన్నో. పాటల వరుస ఖాయం చేసేముందు కట్టింగ్ చేసే మనిషిని ఒక్కసారి అడగండి. వినైల్‌కి వేరే మాస్టర్ చేయించారా, డిజిటల్ ఫైలే పంపేశారా అన్నది అట్ట మీద ఒక వాక్యం రాయండి. ఆ కట్టింగ్ మనిషి పేరు కూడా. జార్జ్ పెక్‌హామ్ తను కట్ చేసిన రికార్డుల చివర ‘పోర్కీ’ అని గీకేవాడు. దాన్ని చూసి రికార్డు కొన్నవాళ్లున్నారు.

పాటల సాహిత్యం మాట. ఇంగ్లీషు నా అమ్మభాష కాదు. అమ్మభాష అయినవాళ్లకీ మీ గాయకుల అరుపుల్లో మూడోవంతు అర్థం కాదని నా అనుమానం, వాళ్లు ఒప్పుకోరు. ఒక హార్డ్‌కోర్ పాటలో గాయకుడు ‘రివెంజ్! రివెంజ్!’ అని అరుస్తున్నాడనుకుని మూడేళ్లు నేనూ అతనితో పాటు అరిచాను. తర్వాత అసలు రికార్డు చేతికొచ్చింది, లోపల నాలుగు మడతల కాగితం, టైప్ మిషన్ మీద కొట్టిన పాటలు. అది ‘రిఫండ్’. ఇంటి ఓనరు డిపాజిట్ తిరిగి ఇవ్వలేదని రాసిన పాట. ప్రపంచాన్ని తగలబెడతానని మూడేళ్లుగా నేను అనుకున్నదంతా ఒక నెల అద్దె గొడవ! అప్పట్నుంచి ఆ పాట నాకు ఇంకా ఇష్టం. ఆ కాగితం లేకపోతే ఇప్పటికీ ప్రతీకారంలోనే ఉండేవాణ్ణి. మీ రంగుల చిలకరింపుకి ఎంత అవుతుందో మీకే తెలుసు, రెండు వైపులా అచ్చేసిన కాగితం దానికంటే ఖరీదా?

డబ్బు సంగతి ఎత్తితే మొహమాటంగా ఉంటుంది కానీ, ఎత్తుతాను. స్వతంత్ర లేబుల్ అనగానే నిజాయితీ అని మేమే అనేసుకుంటాం. డిస్కార్డ్ కాగితాల మీద ఒప్పందాలు లేకుండానే నడిచింది. టచ్ అండ్ గో కూడా ఖర్చులు పోను లాభం చెరిసగం అని నోటిమాట మీదే నడిచింది. అలాంటి లేబుల్ మీద కూడా బట్‌హోల్ సర్ఫర్స్ కోర్టుకెళ్లారు. 1999లో బ్యాండ్ వైపే తీర్పొచ్చింది. గడువు రాసుకోని ఒప్పందాన్ని ఎవరైనా ఎప్పుడైనా ముగించవచ్చని. ఇక లుకౌట్ రికార్డ్స్. రాయల్టీలు బాకీ పడిందని 2005లో గ్రీన్ డే తమ పాత రికార్డుల్ని వెనక్కి తీసేసుకుంది, ఆ దెబ్బకి లేబుల్ మళ్లీ లేవలేదు, 2012లో మూతపడింది. చెడ్డవాళ్లు కాబట్టి ఇలా జరిగిందని నేను అనుకోను. స్నేహం మీద నడిచేచోట లెక్క అడగడానికి సిగ్గు, చెప్పడానికి బద్ధకం.

అందుకే అట్ట వెనక ఇంకో వాక్యం అడుగుతున్నాను: ఖర్చులు పోను ఎవరికి ఎంత. ‘సగం సగం’ అని రెండు మాటలు చాలు. 2024 నుంచి స్పాటిఫై, ఏడాదిలో వెయ్యి సార్లు కూడా వినని పాటకి పైసా ఇవ్వడం లేదు. మీరు తెచ్చే బ్యాండ్లలో చాలావాటి పాటలు ఆ గీత కిందే ఉంటాయి. బ్యాండ్లు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్లో కొంటే ఆ సైటువాళ్లు డిజిటల్ మీద 15 శాతం, రికార్డుల మీద 10 శాతం తీసుకుంటారు, 2020 మార్చిలో మొదలుపెట్టిన బ్యాండ్‌క్యాంప్ శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదిలేస్తారు. ఆ తర్వాత మీ దగ్గరికి వచ్చిందాంట్లో డ్రమ్మర్‌కి ఎంత వెళ్తుందో నాకు తెలిస్తే, షర్ట్ కూడా కొనాలా వద్దా అన్నది నేను తేల్చుకుంటాను.

ఏడు నెలల ఆలస్యానికి మాత్రం మిమ్మల్ని తిట్టను. 2020 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ తగలబడ్డాక, ముందుగా గాడులు కోయడానికి వాడే లాకర్ పళ్లాలు చేసే పెద్ద ఫ్యాక్టరీ ప్రపంచం మొత్తానికి జపాన్‌లో ఒక్కటి మిగిలింది. పెద్ద కంపెనీలు పాత హిట్లని మళ్లీ మళ్లీ వేయించుకుంటూ ప్లాంట్ల ముందు నిలబడితే 300 కాపీలవాడు వెనక్కి పోతాడు. తెలుసు. కానీ ఒకే రికార్డుని ఆరు రంగుల్లో వేయించి, ఆరూ కొనేవాడి మీద ఆశ పెట్టుకోవడం కూడా ఆ పెద్ద కంపెనీలు నేర్పిన పనే కదా. మీకు అప్పులుంటాయి, రంగులు వేగంగా అమ్ముడవుతాయి, ఆ డబ్బుతోనే తర్వాతి బ్యాండ్ రికార్డు వస్తుంది. కాదనను. నేను కూడా నెత్తురు రంగుదే కొన్నాను, సిగ్గులేకుండా. మానేయమనడం లేదు. స్టిక్కర్ మీద రంగు పేరు రాయించడానికి ఒక మనిషి కూర్చున్నాడు కదా, అదే మనిషి ఇంకో పది నిమిషాలు కూర్చుని బ్యాండ్‌కి ఫోన్ చేసి, నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు అట్ట వెనకకి ఎక్కిస్తే చాలు. అక్షరదోషాలున్నా ఫర్వాలేదు. చేతిరాత అయితే ఇంకా మంచిది.

మీ తర్వాతి ఏడంగుళాల రికార్డుకి నిన్న ఆర్డర్ పెట్టాను. ఈసారి నల్లది.

ఇట్లు,
మీ పార్సిల్ కోసం చూసే ఒక శ్రోత

తా.క.: ఆ ఎల్పీ రెండో వైపు చివర గీకిన రెండో మాటలో మూడో అక్షరం ‘ఆర్’ అవుతుందా, ‘కె’ అవుతుందా? భూతద్దం పెట్టినా తేలలేదు. ‘ఆర్’ అయితే ఏదో మనిషి పేరు, ‘కె’ అయితే బూతు. దయచేసి తెలియజేయగలరు.